ఎనభై నిమిషాల జెండా

తమిళనాట తుడియలూరు పంపుల వర్క్‌షాపులో మోటార్లకు రాగితీగ చుట్టే ముత్తుసెల్వికి నలభై మూడేళ్లు, ఇద్దరు పిల్లలు, ఆ ఇద్దరినీ మోసిన పొట్ట. ఆ పొట్టతోనే మూడేళ్లుగా రోజూ తెల్లారి పరుగెత్తుతోంది. పది కిలోమీటర్లు, ఎనభై నిమిషాలు. ఎండైనా వానైనా అంతే.

పేటలోని రన్నింగ్ క్లబ్బుకు పోటీ రోజున సరిగ్గా అలాంటి మనిషే కావాలి. ‘80’ అని రాసిన జెండా పట్టుకుని ఒకే వేగంతో పోతే, ఎనభై నిమిషాల్లో ముగించాలనుకునే కొత్తవాళ్లు వెంట పరుగెత్తుతారు. ఆ జెండా తన చేతికి రావాలని నెల రోజులుగా ఆశపడుతోంది. తన వెనక పదిమంది రావడమన్నది ఆమె బతుకులో ఇంతవరకూ జరగలేదు మరి.

పోటీకి వారం ముందు పరీక్ష పెట్టారు. ఆ జెండా కోసమే ప్రభాకరన్ అనే కుర్రాడు కూడా వచ్చాడు. జిమ్ములో చెక్కించుకున్న ఒళ్లు, దాన్ని చూపించడానికే తొడిగిన బనియను. ఆ సిక్స్‌ప్యాకు కాస్తా ఏడో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసి రోడ్డు పక్కన కూలబడింది. ముత్తుసెల్వి ఎనభై నిమిషాలకు పది సెకన్ల ముందు చేరింది. ప్రభాకరన్ ఆటోలో చేరాడు.

క్లబ్బు అధ్యక్షుడు గోపాలకృష్ణన్, ఫౌండ్రీ యజమాని. జెండా ఎవరికిచ్చాడనుకున్నారు? ఆటోలో వచ్చినవాడికే!

“అడుత్త వరుషం పాక్కలామ్మా” అని తమిళంలో తీపిగా ఆమెను వచ్చే ఏటికి నెట్టేసి, ఆమె ఎదుటే ప్రభాకరన్‌తో తెలుగులోకి దిగాడు. పరాయివాళ్ల ముందు రహస్యాలకు ఇంటి భాష తీయడం ఈ పెద్దమనుషుల అలవాటు. కూలి ఇళ్లలోనూ ఆ భాషే ఉంటుందని ఒక్కడి బుర్రకూ తట్టదు.

“ఆ పొట్టేసుకోని జెండా పడితే ఫోటోలో ఏముంటాదిరా? బస్తా పరిగెత్తినట్టుంటాది.”

ప్రభాకరన్ ఇకిలించాడు. ముత్తుసెల్వికి ఒళ్లు మండింది.

“బస్తా పరిగెత్తే వొచ్చింది సార్” అంది తెలుగులో. “మీ బొమ్మే ఆటో ఎక్కింది.”

గోపాలకృష్ణన్ ముఖం మాడింది. మరుక్షణమే సిగ్గు లేకుండా వెలిగింది.

“అయ్యో, నువ్వు మనోళ్లామ్మా? ముందే సెప్పుండకూడదా!” అంటూ ప్రభాకరన్ చేతిలోని జెండా లాక్కుని ఆమె ముందుకు చాపాడు.

ఆమె చెయ్యి తనంతట తానే లేచింది. పది కిలోమీటర్లు పరుగెత్తిన కాళ్లు కనబడలేదు గాని, ఒక్క మాట వినగానే మనిషి కనబడిందా వీడికి! అసహ్యం వేసింది. చెయ్యి దించేసుకుంది.

“పరిగెత్తినందుకు ఇయ్యలే. తెలుగు మాట్లాడినందుకు ఇస్తారా? నాకొద్దు సార్.”

రోడ్డు మలుపు తిరిగేదాకా కళ్లు తుడుచుకోలేదు, వెనక నుంచి వాళ్లు చూస్తారని.