బుట్ట

భోజనాల బల్లకు ఆ చివర మరిది, ఈ చివర వదిన. ఎదురెదురుగా రెండు ల్యాప్‌టాప్‌లు. మధ్యలో అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ప్రోగ్రామింగ్ పోటీ మొదలయ్యే ముందు వదిన కళ్లు మూసుకుని దేవుణ్ణి ఒక్కటే అడిగింది. గెలుపు కాదు, వాడి నోటితోనే నిజం.

కిందటి పోటీలో ఆమె మంచినీళ్లకు లేచిన సందులో మరిది ఆమె తెర మీది జవాబు ఎత్తుకుని ముందుగా పంపేశాడు. రెండూ ఒకటేనని పట్టుకున్న నిర్వాహకులు, వెనక వచ్చిందే కాపీ అని తేల్చి ఆమె ర్యాంకు కొట్టేశారు. వాడికి ఈ విద్య నేర్పిందే తను అని ఆమె ఎంత మొత్తుకున్నా వాడు కిక్కురుమనలేదు.

"పోనీలేమ్మా, చూస్తే చూశావు, ఇంట్లోవాడిదేగా," అని అత్తగారు ఓదార్చింది. ఆ ఓదార్పే ఇప్పటికీ ముల్లులా సలుపుతోంది.

ఈ పోటీలో కంప్యూటరు మనుషుల్ని గదులుగా పంచుతుంది. వేలమందిలో వీళ్లిద్దరూ ఒకే గదిలో పడ్డారు. పడేసింది దేవుడా, యంత్రమా అని వదిన ఓ క్షణం ఆలోచించింది కూడా.

జవాబు ఎంత త్వరగా పంపితే అంత ఎక్కువ మార్కులు. పంపినదానికి తాళం వేసేస్తే ఇక దిద్దుకోవడం కుదరదు గానీ, గదిలో మిగతావాళ్ల జవాబులు చదవొచ్చు. తప్పు కనిపిస్తే, అది బయటపడే అంకెలిచ్చి పడగొట్టొచ్చు. పడితే వంద మార్కులు మనకి, పడకపోతే మనకే యాభై కోత. ఎవరి కంటా పడని తప్పుల్ని పోటీ అయ్యాక కంప్యూటరే వెతికి సున్నా చుడుతుంది.

వదిన పెద్ద లెక్క గబగబా పూర్తిచేసి పంపింది. మళ్లీ చూసుకునే ఓపిక లేదు. వెంటనే తాళం వేసి మరిది జవాబు తెరిచింది.

కిందటిసారి ఎత్తుకున్న ఆమె కోడునే మళ్లీ వాడి, లోపలి పేర్లన్నీ మార్చాడు. ఒక్కటి మాత్రం మర్చిపోయాడు. బుట్ట.

కూడిన మొత్తం దాచే చోటుకు ఆమె పెట్టుకున్న ముద్దుపేరు అది. చిన్న మొత్తాలకు సరిపోతుంది గానీ, వందల కోట్లు దాటితే పొర్లిపోతుంది. ఈ లెక్కలో దాటుతాయి. ఆమె పెదవుల మీదికి వచ్చిన నవ్వు అక్కడే గడ్డకట్టింది. తను పంపినదాంట్లోనూ అదే బుట్ట. తాళం పడిపోయింది.

మరిది ఇంకా తాళం వెయ్యలేదు. ఇప్పుడే పడగొడితే దిద్దుకుని మళ్లీ పంపి పైకి పోతాడు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. వాడు ఈల వేస్తున్నాడు.

"ఏంటి వదినా, అప్పుడే అస్త్రసన్యాసమా?"

"నువ్వు కానీ నాయనా."

గడువు ఇక ముగుస్తుందనగా పెద్ద పెద్ద అంకెలు కొట్టి మీట నొక్కింది. అవతల ఈల ఆగిపోయింది. వాడు కంగారుగా టకటకలాడించాడు గానీ, దిద్దేలోపే పోటీ ముగిసింది. కాసేపటికి ఆమె జవాబుకీ సున్నా పడింది. పట్టికలో ఇద్దరూ పాతాళంలో ఉన్నారు. ఆమె వాడికి కాస్త పైన.

మరిది కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"చూడమ్మా, వదిన కావాలనే ముంచింది. అసలు తప్పు నాది కాదు. ఆ బుట్ట వదినదే. కిందటిసారి తీసుకున్నప్పుడు బాగానే పనిచేసింది..."

నాలుక కరుచుకున్నాడు.

అత్తగారి చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది.

"కిందటిసారి ఎవరి దగ్గర తీసుకున్నావురా?"

వదిన ల్యాప్‌టాప్ మూసింది. అడిగింది దొరికింది. అది దేవుడిచ్చిందో, తను గుంజుకున్నదో తేల్చుకోలేకపోయింది. ఇంత తియ్యగా ఉన్నది వరమే అవుతుందా అనీ అనిపించింది. బట్టల కుప్పలోంచి ఓ తువ్వాలు తీసి మడతపెట్టసాగింది.

మరిది చొక్కాలు మాత్రం ముట్టుకోలేదు.