పదకొండుమంది పేరు మీద

తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో కూలి మీద, పని వసతుల మీద మూడేండ్లకొకసారి ఒప్పందం కుదిరేది. వికారాబాద్‌లో కార్మిక శాఖ అధికారి సమక్షాన యజమానుల సంఘమూ కార్మిక సంఘమూ ఎదురెదురుగా కూర్చునేవి. కోతకు ఒకరు, పాలిషుకు ఒకరు, లోడింగుకు ఒకరు ప్రతినిధులుగా వెళ్లడం ఆనవాయితీ. ఆ ప్రతినిధుల పేర్ల పట్టిక రాసేదీ, పాలిషు పక్షాన ఇరవై ఏండ్లుగా మాట్లాడేదీ సంఘం కార్యదర్శి సోమేశ్వరే.

ఈసారి ఆ చర్చల బైఠక్ తెల్లవారితే ఉందనగా, కార్మికుల్లో కొత్తగా పేరొస్తున్న నాయకుడు ఈశ్వర్ బస్టాండు పక్కన సభ పెట్టాడు.

"గదులల్ల కూసొని గుసగుసలాడేటోళ్లు మీకెందుకు? మీ గొంతు నేనే! సీదా హైదరాబాద్‌ల మాట్లాడ్త. రేపు బైఠక్‌కు ఎవ్వలు పోవద్దు. ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తుండ్రి!"

వందల చేతులు లేచాయి. బండలు కడిగే పదకొండుమంది ఆడవాళ్ల చేతులూ లేచాయి. వెనక నిలబడి చూస్తున్న సోమేశ్వర్ లెక్క వేసుకున్నాడు. ఎవరూ పోకుంటే కొత్త ఒప్పందం ఉండదు, పాతదాని గడువు కూడా రేపటితో తీరిపోతుంది.

సభ ముగియగానే ఆ పదకొండుమందిలో ఒకరైన కనకమ్మను ఆపాడు. "నువ్వు గూడ చెయ్యెత్తితివా అక్కా?"

"అందరెత్తిండ్రు, ఎత్తిన. నీతోని మాకేమైంది? యూనిట్ల బాత్‌రూం కట్టియ్యమని ఆరేండ్ల సంది మొత్తుకుంటున్న. పొద్దుగూకేదాంక నీళ్లు తాగకుంట బండలు కడుగుతున్నం. నీ కాయితంల ఎన్నడన్న ఎక్కిందా?"

"పాలిషోళ్లల్ల మీరు గూడ ఉన్నట్టే గద..."

"మా మొగోళ్లు పాలిషు పడ్తరని మమ్మల్ని గూడ వాళ్లల్ల కలిపినవా? మంచిగుంది నీ లెక్క!"

"మరి ఈశ్వర్‌ను అడుగలేదా?"

"అడిగిన. 'అన్నీ అయితయమ్మా' అని దండం పెట్టి కారెక్కిండు. నువ్వన్న జరసేపు నిలబడ్డవు."

యజ్ఞంలో ఒక్కరి హవిర్భాగం మరచినా క్రతువు చెడుతుందని చిన్ననాటి నుండి పురాణం విన్నవాడు సోమేశ్వర్. 'మీ గొంతు నేనే' అని ఈశ్వర్ అన్నప్పుడు ఒళ్లు మండింది గాని, ఆ మాట పైకి అనకుండా తాను చేసిందీ అదే కదా!

జేబులోని పట్టిక తీశాడు. తన పేరు కొట్టివేసి, కనకమ్మ పేరు రాశాడు.

"రేపు పొద్దుగాల రైలుకు రా. నువ్వే మాట్లాడాలె."

"నాకు సదువు రాదే!"

"నీళ్లకు దూపైతున్నదని చెప్పనీకి సదువెందుకక్కా?"

మరునాడు మిగతా ఇద్దరు ప్రతినిధులూ రాలేదు. ఒక్కరు హాజరైనా చాలునని అధికారి కనకమ్మను లోపలికి పిలిచాడు. పట్టికలో పేరు లేని సోమేశ్వర్ వరండాలోని బల్ల మీద కూర్చున్నాడు.

"బాత్‌రూం గూడ ఒప్పందంల రాసే ముచ్చటేనా అమ్మా?" అని లోపల ఒక యజమాని గొంతు. నవ్వులు. సోమేశ్వర్ దిగ్గున లేచి తలుపు మీద చెయ్యి వేశాడు.

"గా నీళ్ల గ్లాసు ఇటియ్యుండ్రి సారూ," అంటున్నది కనకమ్మ. "తాగుత. గిదే గ్లాసు మీ యూనిట్ల తాగితే నేను ఎటు పోవాల్నో, గది మీరే చెప్పుండ్రి."

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. "కాయితం తియ్యి," అన్నాడు అధికారి ఎవరితోనో.

సోమేశ్వర్ తలుపు మీది చెయ్యి మెల్లగా తీసేశాడు.