పోశమ్మ చెవిలో ఇంగ్లాండాయన ఇల్లు

మరమగ్గాల పనికి వలసొచ్చిన తెలుగువాళ్ళుండే నవాగామ్‌లో గుండేటి పోశమ్మ ఇంట్లో రోజూ మధ్యాహ్నం జరిగేది ఇదే. మనవరాలు నీరజ పప్పన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఆఫీసు వాళ్ళిచ్చిన పేర్లు చిన్న కాగితాల మీద రాసి, ఒక్కొక్కటే ముసలమ్మ కుడి చెవికి ఆనిస్తుంది.

వినండి తల్లీ, నలభై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడ్డ చెవులవి. పక్కన పిడుగు పడ్డా వినపడదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. అయితే ఇంటిపేరు రాసిన కాగితం ఆనిస్తే చాలు, ఆ ఇంట్లో అలికిడంతా ఆమెకు వినపడుతుంది. వేములవాడ రాజన్న దయ అనుకుని గల్లీ అంతా ఊరుకుంది. సంబంధం వస్తే ముందు ఈమె దగ్గరికే వస్తారు.

"వద్దే భాగ్యలక్ష్మీ," అని మొన్ననే పక్కింటామెకు చెప్పింది. "ఆ ఇంట్ల అత్త గిన్నెలు ఇసురుతది."

నీరజది ఫోన్ల కొలువు. ఇంగ్లాండులో ఒంటరిగా బతికే ముసలివాళ్ళను తిన్నారా, మందులు వేసుకున్నారా అని రోజూ పలకరించాలి. అక్కడి ఇంటిపేర్లు రాతలో బారెడు, నోట్లో జానెడు. ఛోల్మోండెలీ అని రాసి ఉంటే చమ్లీ అనాలి. మార్జోరిబ్యాంక్స్ అని ఉంటే మార్చ్‌బ్యాంక్స్ అనాలి. పోశమ్మ విని చెప్పింది చెప్పినట్టు పలికితే ఏనాడూ తప్పు పోలేదు.

ఒక్క పేరు దగ్గర ఆగిపోయింది. రాతలో చూస్తే ఫెదర్‌స్టోన్‌హాఫ్. ఎనభై తొమ్మిదేళ్ళాయన. నీరజ మూడుసార్లు ఆ పేరుతో పిలిస్తే మూడుసార్లూ ఫోన్ పెట్టేశాడు. శుక్రవారం కూడా అంతే అయితే ఆయన్ను జాబితాలోంచి తీసేస్తామని, నీరజను మానిపిస్తామని పైఅధికారి ధీరజ్ తేల్చేశాడు. మానేస్తే మళ్ళీ మరమగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టడమే. ముసలమ్మ చెవులు తిన్నది ఆ కార్ఖానాయే. నీరజ తండ్రి రాజమల్లు ఊపిరి తిన్నదీ అదే.

"ఏం వినపడ్తుంది బాపమ్మా?"

"గడియారం. కుర్చీ కిర్రుమంటుంది. అంతే బిడ్డా. ఆ పేరు పలికేటోళ్ళు ఆ ఇంట్ల ఒక్కరు లేరు."

"ఫోన్ల చూసిన. ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు."

"జర ఓపిక పట్టు. కాగితం నాకాడ ఉంచిపో."

నాలుగు రోజులు ఆ కాగితాన్ని పాత చీరపేలికతో చెవికి కట్టుకుని తిరిగింది పోశమ్మ. బియ్యం ఏరినా, దేవుడికి దీపం పెట్టినా అదే చెవిలో. శుక్రవారం మధ్యాహ్నం, అక్కడ తెల్లవారే వేళ, ఆమె చేతిలో చాట జారిపోయింది.

"పడ్డడే! నల్లా పారుతనే ఉంది, మనిషి నేల మీదున్నడు. తప్పిపోయిన పోరడు పోలీసుకు చెప్పినట్టు తన పేరే చెప్పుకుంటున్నడు. ఫ్యాన్‌షా, ఫ్యాన్‌షా అని."

నీరజ ధీరజ్‌కు ఫోన్ చేసింది. "సార్, ఆయన ఇంట్లో పడిపోయాడు. మా బాపమ్మ విన్నది."

"ఏ చెవితో?"

"కుడి చెవితో సార్."

"అయితే ఇప్పుడే మనుషుల్ని పంపిస్తా."

వాళ్ళు తలుపు పగలగొట్టారు. ముసలాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, కదిపినా ఉలుకు లేదు. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి, పిలువమన్నారు నీరజను.

"మిస్టర్ ఫ్యాన్‌షా!"

ఆయన కళ్ళు తెరిచాడు. "ఫోన్ పెట్టెయ్యను," అన్నాడు.

నీరజ కొలువు నిలిచింది. ఆయన మాత్రం ఆసుపత్రిలో తొమ్మిది రోజులే ఉన్నాడు. తొమ్మిది రోజులూ నీరజ ఆయన్ను పేరు పెట్టి పలకరించింది, ఒక్కనాడూ ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. పదో నాడు కబురొచ్చింది. తాళం వేసిన ఆ ఇంట్లో, కీ ఇచ్చే చెయ్యి లేక గడియారం కూడా ఆగిందని పోశమ్మ చెప్పింది.

నీరజ కాగితం తీసి పారెయ్యబోతే ముసలమ్మ లాక్కుంది. రాజన్న పటం వెనక దోపింది. ఆనాటి నుంచి సంధ్యదీపం వెలిగించి, పోయిన తన వాళ్ళను తలుచుకునేటప్పుడు, పెనిమిటి గుండేటి సోమలింగం, కొడుకు గుండేటి రాజమల్లు, ఆ వెనక ఫ్యాన్‌షా అని పైకే అంటుంది. తన గొంతు తనకు వినపడదు పాపం. అయినా ఒక్క సాయంత్రం కూడా ఆ పేరు తప్పు పలకలేదు.