బుంగగాడి ముఖం

సర్కస్‌లో ఒక జోకరు ముఖం ఇంకో జోకరు వేసుకోకూడదు. కనుబొమ్మ ఎక్కడ గీసుకుంటాడో, నోరు ఎంత సాగదీస్తాడో, అది వాడి సొంతం. పోతే వాడితోనే పోవాలి. అందుకే మా బుంగగాడు మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఒరేయ్ నిచ్చెనా, నన్ను నా ముఖంతోనే పంపించరా. ఈ బోసి ముఖంతో పోతే పైన నన్నెవరూ గుర్తుపట్టరు."

సరేనన్నాను. వాడు పొట్టి, లావు. నేను పొడుగు. నేను పైనుంచి పడటం, వాడు కింద నలగటం. అదే మా ఇద్దరి బతుకు. వాడి ఎర్రముక్కు నొక్కాలని చంటిపిల్లలు తల్లుల చంకల్లోంచి చేతులు చాచేవాళ్లు. ఎప్పుడైనా ఒక పిల్ల జడిసి ఏడిస్తే, ఆట పాడైనా సరే, వాడు ముక్కు ఊడబీకి, చొక్కాతో రంగు తుడుచుకుని "నేనేనమ్మా, మనిషినే" అనేవాడు.

తర్వాత్తర్వాత సినిమాల్లో జోకర్లు కత్తులు పట్టుకున్నారు. సర్కస్ మూతపడ్డాక ఒక బట్టల కొట్టు ముందు వేషాలతో నిలబడితే, పిల్లలు మమ్మల్ని చూసి తల్లుల వెనక దాక్కున్నారు. "మీ వల్ల వచ్చే బేరాలు కూడా పోతున్నాయయ్యా" అని కొట్టాయన పంపించేశాడు.

బుంగగాడు పోయిన రోజు పొద్దున్నే రంగుల పెట్టె పట్టుకెళ్లాను. వాడి కొడుకు గుమ్మంలోనే ఆపాడు.

"వద్దు బాబాయ్. పోయినాక కూడా ఆయన్ని నవ్వులపాలు చెయ్యాలా?"

"నవ్వులపాలయ్యేరా, మీ నాన్న నిన్ను పెంచింది."

వాడు తల దించుకుని పక్కకి తప్పుకున్నాడు.

తెల్లపొడి నూనెలో కలిపి పూశాను. బతికున్నప్పుడు కితకితలంటూ మెలికలు తిరిగేవాడు, ఆ రోజు బుద్ధిగా పడుకున్నాడు. ఎడమ కనుబొమ్మ పైకి, కుడిది కిందకి. నోరు చెవుల దాకా. చివర్న ముక్కు. నా బుంగగాడు వచ్చేశాడు.

అప్పుడే వాడి మనవరాలు తలుపు తోసుకొచ్చింది. తాత పక్కలో తప్ప నిద్రపోని పిల్ల. చూసి కెవ్వుమంది.

"మా తాత కాదు! మా తాతనేం చేశావ్?"

పరిగెత్తి తల్లి కాళ్లు చుట్టేసుకుంది. "తాతని ఆఖరిసారి చూసుకోవా బంగారం?" అని ఎంత బతిమాలినా కళ్లు తెరవలేదు. కొడుకు ఒక్కమాట అనలేదు. అనుంటే పోట్లాడేవాణ్ణి.

బుంగగాడి చెవి దగ్గరికి వంగి "ఏం చేద్దాంరా?" అన్నాను. ఏం చెబుతాడో నాకు తెలుసు.

ముక్కు ఊడదీశాను. నూనె గుడ్డతో నెమ్మదిగా తుడిచాను. నోరు పోయింది, కనుబొమ్మలు పోయాయి. వాడు చెప్పాల్సిన మాట నేనే చెప్పాను.

"మీ తాతేనమ్మా, మనిషే. రా."

పిల్ల ఒక కన్ను తెరిచి చూసింది. వచ్చి వాడి చెంప మీద చెయ్యి వేసి, "తాతా, చల్లగా ఉన్నావేంటి?" అంది.

అట్లాగే పంపించాం. ముక్కు నా జేబులో ఉండిపోయింది. పైన వాణ్ణి ఎవరైనా గుర్తుపట్టారో లేదో.