రెండే రెండు పౌన్లు

చొక్కాకి బొగ్గు వాసన, ఇంజన్ నూనె వాసన, చెమట వాసన, ఇవి తప్ప ఇంకేమీ లేదు, అదే నాకు అనుమానం, మిఠాయి తిన్న చెయ్యి ఎక్కడో అక్కడ తుడుచుకోవాలి కదా, తుడుచుకోలేదంటే జాగ్రత్తపడ్డాడన్నమాట, జాగ్రత్తపడ్డాడంటే తిన్నాడన్నమాట, జేబు తిరగేస్తే సగం కాల్చిన బీడీ, మడతలు పడిన ఆస్పత్రి చీటీ, నాకు చదువు రాకపోయినా ఆ చీటీలో అంకెలు కంఠతా వచ్చు, ఫాల్గుణంలో రెండువందల పద్దెనిమిది పౌన్లు, నిన్న తూస్తే రెండువందల పదహారు, రెండు నెలల పైన అన్నం మానేసిన మనిషి తగ్గింది రెండే రెండు పౌన్లు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటేనే నా చేతికి గాజులు వదులవుతాయి, మరి ఈ మనిషికి అన్నం లేకుండా ఒళ్లు ఎలా నిలుస్తోంది, ఎవరో పెడుతున్నారు, ఎవరో అనడం ఎందుకు, ఎవరో నాకు తెలుసు.

కుళాయి దగ్గర స్నానం చేస్తున్నాడు బావ, మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయి ఇరవై ఏళ్లయినా నాకు బావే, బిలాస్‌పూర్ రైల్వే కాలనీ అంతటికీ పోలయ్య డ్రైవరు, ఆ వీపు చూడు, ఇంకా తలుపంత ఉంది, ఆ ఒళ్లే కదా కొంప ముంచింది, ఫాల్గుణంలో కర్గీ రోడ్ స్టేషన్లో గూడ్సు ఇంజన్ ఎక్కబోయి మెట్టు మీదే ఆయాసంతో తూలిపోయాడు, ఫైర్‌మన్ నూకరాజు రెక్క పట్టుకుని లాగకపోతే చక్రాల కింద ఉండేవాడు, రైల్వే ఆస్పత్రిలో బెంగాలీ డాక్టరుబాబు గుండె చూసి, నాడి చూసి, తూకం చూసి, మూడు నెలల్లో రెండువందలకి దిగాలి, దిగకపోతే నువ్వు మళ్లీ ఇంజన్ ఎక్కేది లేదు అన్నాడు, అసలే రైల్వేలో మనుషుల్ని తగ్గించేస్తున్న రోజులు, అప్పటిదాకా షెడ్డులో లైట్ డ్యూటీ, లైట్ డ్యూటీ అంటే నూనె డబ్బాలు తుడవడం, పదమూడేళ్లు బండి నడిపిన చెయ్యి నూనె డబ్బాలు తుడుస్తోంది, సాయంత్రం కట్నీ వైపు గూడ్సు కూతేస్తే బావ ముద్ద ఆపి అది ఎవరి చేతి కూతో చెప్తాడు, చెప్పి తలొంచుకుంటాడు, అది చూడలేను నేను, అందుకే డాక్టరుబాబు చెప్పింది చెప్పినట్టు చేశాను, చావల్ బంద్, ఆలూ బంద్, చీనీ బంద్, అంటే అన్నం, దుంప, పంచదార మూడూ మానాలి, కోదో గుప్పెడు వండు, పప్పు పెట్టు, ఆకుకూర పెట్టు, చేప పెట్టు, ఔర్ క్యా ఖాతా హై, ఇంకేం తింటాడు అని అడిగితే బావ మీసం గోక్కుంటూ ఏదో చెప్పబోయాడు, ఏదో ఒకటి వదలమని బతిమాలుకుంటాడని నేను మోచేత్తో పొడిచి, ఔర్ కుచ్ నహీ బాబూ, పానీ పీతా, బస్ పానీ, నీళ్లు తప్ప ఇంకేం లేదు అన్నాను, డాక్టరుబాబు అచ్ఛా అని రాసుకున్నాడు.

నా వల్ల లోపమేమీ లేదు, మంగ్లా ఊరి నుంచి గంప నెత్తిన పెట్టుకొచ్చే ముసలమ్మ దగ్గర కోదోలు కొని, అవి మన ఆరికెలే, దంచి చెరిగి వండుతున్నాను, పూటకి గుప్పెడే, వరి అన్నం బావ కంచంలో మెతుకు పడనివ్వలేదు, మా కూతురు చిన్నమ్మి పెళ్లయి ఖరగ్‌పూర్ వెళ్లాక ఇంట్లో ఇద్దరమే, అయినా నా చేతికి ముగ్గురి కొలతే అలవాటు, గిన్నెలో అన్నం మిగిలిపోతూ ఉంటే అతను అటు చూడకుండా గోడకేసి తిరిగి కోదో నములుతాడు, జాలేసేది, కానీ నిన్న చీటీ చూశాక జాలంతా ఎగిరిపోయింది, ఎక్కడ తింటన్నావు సెప్పు అని నిలదీశాను, నానేటీ తిన్లేదే అప్పయమ్మా, సింహాద్రప్పన్న తోడు అన్నాడు, ఆ అప్పన్న పేరెత్తకు, ఏడేళ్ల కిందటా ఆయన మీదే వొట్టేసి కర్గీ రోడ్‌లో ఇప్పసారా తాగొచ్చినావు అన్నాను, అచ్ఛా, అయితే ఎవలి మీద వొట్టెయ్యమంటావు, నువ్వే సెప్పు అన్నాడు, నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, నవ్వితే నమ్మేశాననుకుంటాడు, ఆ ఒక్క అబద్ధానికి ఏడేళ్లుగా చొక్కాలు వాసన చూస్తున్నాను, ఇదిగో ఇప్పుడూ చూస్తున్నాను, బావ తల తుడుచుకుంటూ వచ్చి నా చేతిలో చొక్కా చూశాడు, కుండలో పులిసిన తరవాణినీళ్లు చెంబుడు గటగటా తాగాడు, టిఫిన్ డబ్బా, దాహానికి నేను నింపిన తరవాణి సీసా పట్టుకుని వెళ్లిపోయాడు, ఏమీ అనకపోవడం కూడా ఒక ఎత్తే అనిపించింది, గంజి వార్చి, పొయ్యి ఆర్పి, ఒక్క మెతుకు నోట్లో పెట్టకుండా కొంగు తల మీదికి లాక్కుని నేనూ బయల్దేరాను.

షెడ్డు కంచె అవతల రాలిన బొగ్గు ఏరుకునే ఆడవాళ్ల పక్కన కూర్చున్నాను, డ్రైవరు పెళ్లాం ఇక్కడేమిటని వాళ్లు చూశారు, చూస్తే చూశారు, నా మొగుడు నాకు ముఖ్యం, మధ్యాహ్నం గంట కొట్టారు, బావ వేపచెట్టు కింద డబ్బా విప్పాడు, నేను పెట్టిన కోదో, నేను పెట్టిన తోటకూర పప్పు, నూకరాజు పక్కకొచ్చి పూరీల పొట్లం విప్పి ఒకటి చేతిలో పెట్టబోయాడు, బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, తల అడ్డంగా ఊపాడు, సీసా ఎత్తి తరవాణి తాగి మూతి తుడుచుకున్నాడు, అంతే, నన్ను చూసి ఉంటాడు, చూసే ఈ నాటకం, కంచె ఇవతల ఇంత దుమ్ములో ఎలా చూస్తాడు, చూడలేదు, అయితే ఇక్కడ కాదు, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ, తోర్వాలో, వాళ్ల అప్ప ఇంట్లో, మా వదిన అచ్చియమ్మ ఫాల్గుణంలోనే అనేసింది, ఏటే, నా తమ్ముడ్ని ఎండబెట్టి సంపీస్తావేటి అని, అరిసెల డబ్బా తెచ్చి నా ముందే మూత తీసింది కూడా, నేను గుమ్మంలోంచే తిప్పి పంపాను, ఆ డబ్బా ఆవిడ ఊరికే పారేసి ఉంటుందా.

అనుకున్నంతా అయింది, డ్యూటీ దిగి బావ ఇంటి దారి పట్టలేదు, తోర్వా దారి పట్టాడు, లూ కొడుతోంది, ఆ వడగాలికి నెత్తి మాడుతోంది, కడుపులో పేగులు అరుస్తున్నాయి, అయినా వెనకే నడిచాను, వదిన గుమ్మంలో తల వంచి లోపలికి వెళ్లాడు, నేను ఎదురింటి పశువుల సాల వెనక నిలబడ్డాను, ఇప్పుడు అరిసెలు, ఇప్పుడు బెల్లం పాకం, ఇప్పుడు నా రెండు నెలల కష్టం, కొంచెంసేపటికి బావ బయటికొచ్చి పెద్ద పెద్ద అంగలేస్తూ వెళ్లిపోయాడు, మూతి తుడుచుకోలేదు, తెలివైనవాడు, నేను ఒక్క ఉదుటున లోపలికి దూరాను, ఎంగిలి కంచం చూపించు వదినా అన్నాను, వదిన బిత్తరపోయింది, ఏ కంచమే అంది, నా మొగుడికి పెట్టిన కంచం, నా మొగుణ్ని ఇంజన్ ఎక్కనియ్యవా నువ్వు అని అరిచాను, ఏడుపొచ్చేసింది, ఎంత సిగ్గు, ఆవిడ ముందు ఏడవడం, వదిన అటక మీద నుంచి ఆ డబ్బా దించి మూత తీసింది, అరిసెలు నిండుగా ఉన్నాయి, మీద పచ్చగా బూజు, ఎన్నిసార్లు పెట్టినా దండం పెట్టీసినాడే, మా తమ్ముడు నా ఇంట నీళ్లు ముట్టి ఎన్నాళ్లయిందో, సెంబుడు తరవాణియ్యబోతే, వొద్దప్పా, ఇంటికాడ అప్పయమ్మ ఇస్తాది అంటాడు, ఆ మంచం మీద కూకుంటాడు, అంతే అంది, మరేల వస్తాడు అన్నాను నేను, వదిన ముఖం పక్కకి తిప్పుకుని, నా పెళ్లాం నన్ను నమ్మట్లేదప్పా అని సెప్పుకోడానికొస్తాడు, ఇంకెవలికి సెప్పుకుంటాడు అంది.

కూలబడిపోయాను, ఇక్కడ కాదు, షెడ్డులో కాదు, మరి ఎక్కడ, గాలి తిని బతికే మనిషైతే కాదు కదా, నెత్తి మాడి ఉంది, నాలుక పిడచ కట్టింది, వదిన నా వాలకం చూసి, ముందు ఇది తాగు, తర్వాత తిడుదువు అని కుండలోంచి తరవాణి ముంచి, చేత్తో మెతుకులు చిదిమి, ఉప్పు వేసి, చెంబు నా చేతిలో పెట్టింది, పుల్లగా, చల్లగా, ఆగకుండా తాగేశాను, ప్రాణం లేచొచ్చింది, పొద్దుట్నుంచి అరుస్తున్న పేగులు ఊరుకున్నాయి, వదిన, ఉండు, కూడెట్టీస్తాను అంటూ కంచం కడుగుతోంది, వద్దు వదినా, ఆకలి లేదు అన్నాను, అన్నాక నా మాట నాకే వినపడింది, ఆకలి లేదు, ఇప్పుడే కదా కడుపు మాడిపోతోంది, ఏం తిన్నాను నేను, ఏమీ తినలేదు, తాగాను, చెంబు వంచి చూశాను, అడుగున తెల్లగా ముద్ద, వేలు పెట్టి తీస్తే అన్నం, మెత్తగా నానిన అన్నం, మా ఇంటి కుండ కళ్ల ముందుకొచ్చింది, పూట పూటా వార్చిన గంజి ఎక్కడ పోస్తున్నాను, కుండలో, ముగ్గురి కొలత వండిన చేతితో మిగిలిన అన్నం ఎక్కడ వేస్తున్నాను, కుండలో, పొద్దున్నే చెయ్యి పెట్టి చిదిమి ఎవరికి పోస్తున్నాను, పొద్దున ఒక చెంబు, షెడ్డుకి ఒక సీసా, సాయంత్రం రాగానే ఇంకో చెంబు, అయ్యో పాపం అన్నం మానేశాడు, నీళ్లైనా చలవ చెయ్యనీ అని, నీళ్లట, గోడకేసి తిరిగి కళ్లు మూసుకుని వద్దనుకున్న అన్నాన్నే తెల్లారేసరికి చెంబులో కలిపి అతని కడుపులో పోశాను, ఒకరోజు అన్నాడు కూడా, ఒలే అప్పయమ్మా, మెతుకులు తగుల్తన్నాయి, ఇదీ కూడే కదేటి అని, నీళ్లకి ఒళ్లొస్తాదేటి, తాగు అని కసిరాను, పెళ్లాం మాట నమ్మి తాగాడు, ఆస్పత్రిలో మీసం గోక్కుంటూ చెప్పబోయింది ఇదే, బతిమాలుకోబోలేదు, నిజం చెప్పబోయాడు, నేను పొడిచాను.

ఇంటికి ఎలా నడిచానో తెలియదు, వచ్చీ రాగానే తరవాణి కుండ ఎత్తి పక్క క్వార్టర్ వాళ్ల గేదె కుడితి తొట్లో పోసేశాను, కుండ కడిగి పెరట్లో బోర్లించాను, మా అమ్మ పార్వతీపురం నుంచి వచ్చినప్పుడు కట్టిన తరవాణి అది, పెళ్లయినప్పటి నుంచి ఒక్కరోజు కుండ ఖాళీ అవలేదు, వీధిలో చెప్పుల చప్పుడు, బావ నా ముందే బయల్దేరి ఇప్పుడొస్తున్నాడు, డాక్టరుబాబు నడవమన్నాడని చుట్టు తిరిగి నడిచి ఉంటాడు, రోజూ అలాగే నడిచొస్తానని అన్నాడు, నేనే నమ్మలేదు, వచ్చి అరుగు మీద కూలబడి, ఒలే, తరవాణియ్యే అన్నాడు, నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను, ఒక గుక్క తాగి చెంబులోకి చూశాడు, పెరట్లో బోర్లించిన కుండని చూశాడు, నన్ను చూశాడు, ఏటే ఇది, నా తరవాణి ఎవలికి పోసీసినావు అన్నాడు, కళ్లు చిన్నవి చేసి, పైనుంచి కిందకి, అనుమానంగా, ఆ చూపు మీద పడితే ఎలా ఉంటుందో ఏడేళ్లకి ఇవాళ తెలిసింది, ఒంటి మీద చీమలు పాకినట్టుంది, ఇంకా ఇరవై రోజులున్నాయి, చాలుతాయో లేదో, రేపు ఆస్పత్రికి నేనే వెళ్తాను, బాబూ, పానీ అన్నది నేను, అది పానీ కాదు అని చెప్తాను, ఇంకొన్ని రోజులివ్వమని కాళ్లు పట్టుకుంటాను, కానీ ముందు ఈ మనిషికి చెప్పాలి, పక్కన కూర్చున్నాను, సెప్పవే, ఎవలికిచ్చినావు అంటున్నాడు బావ, ఇన్నాళ్లూ ఎవరు పెడుతున్నారో అని ఊరంతా వెతికాను, పెడుతున్నది నేనే, ఈ రెండు నెలల్లో బావ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.