దూడల్ని చూసుకునేది ఎవరు?

ఒంటె దూడకు జలుబు చేసి ముక్కు పూడుకుపోతే, ఒంటెల కాపరుల కోడలు గుమతో తన నోటితోనే ఆ చీమిడి పీల్చి ఉమ్మేస్తుంది. గుడ్డతో తుడిస్తే పైపైనే పోతుంది. ఊపిరాడని దూడ పాలు తాగదు, దూడ తాగందే తల్లి చేపదు. కాపురానికొచ్చిన మూడో రోజున అత్త బొకాయో ఈ పని నేర్పింది. గుమతో వాంతి చేసుకుంటే, "పాలు తాగేటప్పుడు లేని అసహ్యం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందే మహారాణీ?" అని నలుగురిలో నవ్వింది. ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు నవ్వేవాళ్ళు లేరు, ఆ పని జరుగుతోందని గమనించేవాళ్ళూ లేరు.

ఈ ఉదయం మాత్రం ఆమె వంగలేకపోయింది. వెనకాల ఎవరో దగ్గారు. పొడిగా, ఆగి ఆగి, మూడుసార్లు. తిరిగి చూస్తే ముళ్ళకంచె, దుమ్ము, అంతే. ఆ దగ్గు ఎవరిదో గుమతోకి తెలుసు. పెద్దకూతురు తలాసో పోయి రెండు వానాకాలాలు గడిచాయి. దూడలకి జలుబు చేసిన ప్రతిసారీ ఆ పిల్ల దొడ్డి చుట్టూ తిరుగుతూ దగ్గుతుంది. ఇంకెవరికీ వినపడదు. వినపడుతోందని చెప్తే పిచ్చిదంటారని గుమతో ఎవరికీ చెప్పలేదు.

తలాసో పోయిన ఏడు చలిగాలికి బలహీనమైన దూడని ఇంట్లోకి తెచ్చారు. కర్రలు పాతి, చాపలు కప్పి ఇల్లు కట్టేది గుమతో, విప్పి ఒంటె మీదికి ఎత్తేది గుమతో. అందులో ఎవరు పడుకోవాలో చెప్పేది మాత్రం భర్త ఉమురో. దూడని తలాసో పక్కలో వేశాడు. దూడ దగ్గింది, తర్వాత తలాసో దగ్గింది. "దుమ్ముకి దగ్గితే అదో జబ్బా? రేపు వలస కదా, పని తప్పించుకునే వేషాలు," అన్నాడు ఉమురో. వలస ఆగలేదు. దగ్గుతూనే దూడల్ని తోలింది తలాసో. కొత్తచోట గుమతో ఇంటికి చివరి చాప కప్పేలోపే పిల్ల ప్రాణం పోయింది. దూడ బతికింది. దాన్ని చావు నోట్లోంచి లాక్కొచ్చానని ఉమురో ఇప్పటికీ చెప్పుకుంటాడు.

"ఏం, నిలబడిపోయావ్?" బొకాయో గుమ్మం దగ్గర్నుంచి కేకేసింది. "నీకు ఒళ్ళు బరువైతే షానుని పంపు. పన్నెండేళ్ళొచ్చాయి, ఇంకెప్పుడు నేర్చుకుంటుంది?"

షాను చిన్నకూతురు. మిగిలిన ఒక్క కూతురు.

జవాబు చెప్పేలోపే మర్సబిత్ పట్నం నుంచి పశువుల డాక్టరమ్మ జీపు వచ్చి ఆగింది. గుమతో టీ కాచడానికి లోపలికి వెళ్ళింది. చాప గోడ అవతల డాక్టరమ్మ ఉమురోతో చెప్తున్న మాటలన్నీ వినపడుతున్నాయి. ఒంటెల్లో కరోనా జాతి జబ్బొకటి ఉందట. లేత దూడల్లోనే ఎక్కువట. చీమిడి ముట్టుకునేవాళ్ళకీ పచ్చిపాలు తాగేవాళ్ళకీ అంటుకోవచ్చట. ఒక్కొక్కరికి మామూలు జలుబులా పోతుందట, ఒక్కొక్కరికి ఊపిరితిత్తుల్ని పట్టేస్తుందట.

"దూడల్ని ఎవరు చూసుకుంటారన్నా?"

"ఇంకెవరు? నేనే."

"ముక్కులు శుభ్రం చేసేది?"

"అన్నీ నేనే డాక్టరమ్మా. నా మంద కదా."

ఉమురో అబద్ధాలకోరేం కాదు. మంద తనదైతే మందలో జరిగే చాకిరీ కూడా తనదేనని మనసారా నమ్మే మనిషి. చొక్కా చెయ్యి మడిచి పరీక్షకి దర్జాగా రక్తమిచ్చాడు.

"ఈమధ్య ఇంట్లో ఎవరైనా దగ్గుతో చనిపోయారా?"

"లేదు. ఎవరూ లేరు."

గుమతో టీ గిన్నె కింద పెట్టేసింది. మళ్ళీ ఆ దగ్గు. ఈసారి దొడ్డిలో కాదు, ఇంట్లోనే, సరిగ్గా ఆమె పక్కనే. ఎవరూ లేరా నాన్నా, అన్నట్టు.

ఆమె బయటికొచ్చింది. "ఒకరున్నారు. తలాసో. పద్నాలుగేళ్ళు. దగ్గి దగ్గి పోయింది. దూడని కావలించుకుని పడుకునేది. రాసుకోండి."

"ఏమే, నిన్నెవరడిగారు?" ఉమురో మొహం మాడిపోయింది. "ఆడపిల్ల కదా డాక్టరమ్మా, గుర్తు రాలేదు."

డాక్టరమ్మ కలం ఆపింది. "అక్కా, ఆ పాపకి వచ్చింది ఇదో కాదో ఇప్పుడు చెప్పలేం."

"తెలుసమ్మా. అడగాల్సినప్పుడు ఎవరూ అడగలేదు."

"అయితే దూడల్ని చూసుకునేది మీరా? పైన మీవారు చెప్పింది కొట్టెయ్యనా?"

గుమతో దొడ్డివైపు చూసింది. నాయనమ్మ మాట విని షాను అప్పటికే కంచె దాటింది. దూడ తల రెండు చేతులా పట్టుకుని, మూతి దగ్గరికి మొహం వంచుతోంది. గుమతో పరుగున వెళ్ళి కూతుర్ని భుజం పట్టి లేపింది. దూడని తాడుతో నడిపించుకొచ్చి, ఆ తాడు భర్త చేతిలో పెట్టింది.

"కొట్టెయ్యొద్దమ్మా. ఆయన చెప్పిందే ఉంచండి. ఇవాళ్టి నుంచి ఆయనే చూసుకుంటాడు."