పద్రీనో పేరులో మూడు జంటలు

మా బడిలో ఏ అక్షరం ఎప్పుడు నేర్పాలో పుస్తకం చెప్పదు, ఆ ఏటి పద్రీనో చెబుతాడు. డిసెంబరులో పసితరగతి పిల్లలకి గౌన్లు తొడిగి, అట్టటోపీలు పెట్టి పట్టాలిస్తాం కదా, ఆ పండక్కి ఒక కలిగిన పెద్దమనిషిని పద్రీనోగా నిలబెట్టుకుంటాం. ఆయన కానుకలు పట్టుకొస్తాడు, మేం చప్పట్లు కొడతాం. ఆ ఏడు దొరికినవాడు దోన్ క్లొదొవేయో గ్రాదోస్ త్రిగోసో. మేయరు పదవికి నిలబడుతున్నాడు కాబట్టి దానగుణం పొంగిపొర్లుతోంది.

మా డైరెక్టరు దోన్ అరీస్తిదెస్ ఆ పేరు కాగితమ్మీద రాసుకుని సంబరంగా నా తరగతికి వచ్చాడు.

"చూశారా మిస్ సొరాయిదా, దేవుడే పంపినట్టున్నాడు. క్ల, గ్ర, త్ర! జంటక్షరాలు మూడూ ఒక్క పేరులోనే. ఇక వేరే పాఠం ఎందుకు?"

"మరి బ్ర, ప్ర, ఫ్ల ఏం చేద్దాం డైరెక్టర్ గారూ?"

"ఆ అక్షరాలున్నవాడెవడైనా కానుకలిస్తానంటే అప్పుడు చూద్దాం లెండి."

అంతటితో ఆగలేదు. అట్ట మీద రాసిన పద్రీనో పేరు చదవలేని పిల్ల వేదిక ఎక్కకూడదన్నాడు. ఆయన ముందు నత్తిగా పలికితే బడి పరువు పోతుందట. పోవడానికి పరువంటూ ఉండాలి కదా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నా తరగతిలో ఇరవై రెండు మంది. ఇరవై ఒక్కమంది వారంలోగా ఆ పేరు గడగడా అప్పజెప్పేశారు. అట్ట తలకిందులుగా పట్టుకున్నా అంతే వేగం. డైరెక్టరు మురిసిపోయాడు. చిక్కల్లా డొరాలిసాతో వచ్చింది. ఆ పిల్ల నిజంగా చదువుతుంది. ప్రతి అక్షరం కింద వేలు పెడుతుంది, జంట దగ్గర ఆగిపోతుంది, "తి... తిగోసో" అంటుంది. మళ్ళీ మొదలుపెడుతుంది.

వాళ్ళ అవ్వ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో చిన్న నీలం గౌను. కిటికీ తెర కోసి కుట్టిందని కొక్కేల చిల్లులే చెబుతున్నాయి.

"మిస్, మా పిల్ల వేదికెక్కుతుందా? గౌను కుట్టేశానమ్మా. ఎక్కదంటే ఇప్పుడే చెప్పు, మళ్ళీ తెర కట్టేసుకుంటా."

"ఎక్కుతుంది అవ్వా," అన్నాను. ఎలా ఎక్కుతుందో నాకే తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం బడి బయట ఒక మూడుచక్రాల మోటోటాక్సీ ఆగిపోయింది. డ్రైవరు తన్నుతున్నాడు, అది త్, త్, త్ అంటోంది, కదలదు. డొరాలిసాని పిలిచాను.

"విను. ఇప్పుడు నువ్వు ఇలాగే ఆగిపోతున్నావు."

బండి చివరికి 'త్ ర్‌ర్‌ర్' మని అంటుకుంది. పిల్ల కళ్ళు పెద్దవి చేసింది.

"ఆగకుండా పోతే అంటుకుంటుందా మిస్?"

"అంతే తల్లీ. పక్కపక్కన నిలబడ్డ రెండక్షరాల మధ్య ఆగకు."

ఆ రోజంతా తరగతిలో బండి స్టార్టవుతూనే ఉంది. సాయంత్రానికి "త్రిగోసో" అంది. పరీక్షగా బడి గోడమీది రాతలన్నీ చూపించాను, వేలు పెట్టుకుంటూ చదివింది. ఆ పిల్లని ఎత్తుకుని తిప్పేశాను.

పండగ రోజు వచ్చింది. వేదిక మీద గులాబీరంగు ముడతకాగితం చుట్టిన అట్టపెట్టెలు, ముప్పై దాకా. పద్రీనో కానుక. వాటి పక్కన ఆయన పేరు రాసిన పెద్ద అట్ట, స్కెచ్ పెన్నుతో డైరెక్టరు స్వహస్తాలతో రాసింది. మా ఊళ్ళో కుళాయి పెట్టినా సీసా పగలగొట్టకుండా ప్రారంభించరు కదా, పెట్టెల పైన రిబ్బనుతో ద్రాక్షసారా సీసా వేలాడదీశారు.

దోన్ క్లొదొవేయో చిన్న సుత్తితో కొట్టాడు. పగల్లేదు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి కోపమొచ్చినట్టుంది, సీసా భళ్ళున పగిలి నురగంతా పెట్టెల మీదా, అట్ట మీదా పడింది. బాండు మోగింది. అట్ట మీద పేరు కరిగి కిందికి కారిపోయింది.

ఇరవై ఒక్కమందికీ చింతే లేదు. ఒక్కొక్కరే వచ్చి, ఖాళీ అట్టని శ్రద్ధగా చూస్తూ, పద్రీనో పేరు తప్పు లేకుండా చదివి పట్టా తీసుకున్నారు. జనం చప్పట్లు. ఆఖర్న డొరాలిసా, నీలం గౌనులో.

అట్ట ముందు నిలబడింది. వేలు ఎత్తింది. దించింది.

"ఇక్కడేం లేదు మిస్."

"చదువు!" డైరెక్టరు పళ్ళ మధ్యనుంచి అన్నాడు. "చదువు, లేకపోతే దిగు!"

ముందు వరసలో అవ్వ లేచి నిలబడింది. పిల్ల అటూ ఇటూ చూసింది. చదవమన్నారు, అక్షరాలు కావాలి. తడిసిన గులాబీ కాగితం అప్పటికే పెట్టెల మీంచి జారి కుప్పపడింది. అక్కడ నల్లగా, పెద్దగా, అచ్చు అక్షరాలున్నాయి. వేలు పెట్టింది.

"దిస్... త్ర్... దిస్త్రిబుసియోన్ గ్రాతుయితా."

ఉచిత పంపిణీ. బాండువాడు బూర దించాడు.

"ప్... ప్ర్... ప్రోయిబీదా సు వేంతా." అమ్మకం నిషేధం. ఆ కింద ప్రభుత్వ ముద్ర ఉంది, దాన్నీ వదల్లేదు. చదివేసి నావైపు తిరిగి నవ్వింది.

"ఇవి జూలైలో సర్కారునించి మాకు రావాల్సిన పాలడబ్బాలే కదయ్యా!" అంది అవ్వ. "దారిలో ఉన్నాయన్నారే!"

"దారి మా పద్రీనో ఇంటిమీదుగా కాబోలు!" వెనకనుంచి ఎవరో అరిచారు.

తల్లులు వేదికెక్కారు. దోన్ క్లొదొవేయో సుత్తి చేతిలో ఉండగానే కారెక్కాడు. డైరెక్టరు బాండుని వాయించమని చేతులూపుతున్నాడు, ఎవరూ వాయించలేదు. ఆ గోలలో డొరాలిసా నా గౌను పట్టుకు లాగుతూ, "నా పట్టా మిస్?" అని అడిగింది. నేనే ఇచ్చాను. ఏడుస్తూ ఇచ్చాను, సిగ్గుపడలేదు.

సోమవారం నాకు మెమో వచ్చింది. నిర్ణయించిన మూడు జంటలు కాక 'ప్ర' కూడా ఎందుకు నేర్పారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

నేను నేర్పలేదని రాసిచ్చాను.